ఖాళీ కాదన్న సీసా

సీసా ఏదైనా సరే, చేతికి రాగానే ఆమె దాన్ని వెలుతురుకెత్తి, కాస్త వంచి, అడుగున గోటితో తడుతుంది. ఇంట్లో కళ్ళమందు సీసాకైనా అంతే.

“అది కూడా ఎగిరిపోతుందా ఏంటి?” అని భర్త ఏడిపిస్తాడు. ఆయన దర్జీ. మా ఆవిడది కనిపించని సరుకు, కనిపించే జీతం అని గిరాకీలతో అంటుంటాడు.

అందులో అబద్ధం లేదు. ఆమె పనిచేసే చోట సైటోకైన్లు తయారవుతాయి. ఒంట్లో రోగంతో పోరాడే కణాలు ఒకదానికొకటి పంపుకునే కబుర్ల లాంటి ప్రోటీన్లు అవి. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, వాటి చేత ఆ ప్రోటీన్ చేయించి, శుభ్రపరిచి, చిన్న సీసాల్లో నింపి, గడ్డకట్టించి ఆరబెడతారు. పరిశోధన చేసేవాళ్ళు కొంటారు. ఆరాక సీసాలో ఉన్నది కంటికి ఆనదు. కొత్తగా కొన్నవాళ్ళు ఖాళీ సీసా పంపారంటూ ఫోన్ చేస్తారు. ఓర్పుగా మాట్లాడుతుందని ఆ ఫోన్లు ఆమెకు అప్పగించారు. నింపే మనిషి సెలవు పెడితే ఆ పనీ ఆమెదే.

“ఖాళీ కాదమ్మా. మూతకు అంటుకుని ఉంటుంది. ముందు గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి తిప్పండి, అడుగుకు దిగుతుంది. తర్వాత తెరవండి.”

ఈ మాట ఎప్పుడూ తప్పు కాలేదు.

ఊరి అవతలి కాలేజీ నుంచి ఒక విద్యార్థిని ఫోన్ చేసింది.

“తిప్పాకే తెరిచాను మేడమ్. మీరు చెప్పినట్టే కరిగించి కణాలకు వేశాను. అది అందితే బతకాల్సిన కణాలు, అయినా చచ్చిపోతున్నాయి.”

“నీళ్ళు గబగబా పోసి ఉంటావు తల్లీ. నురగ వస్తే పాడవుతుంది.”

“లేదు మేడమ్...”

“మొదట్లో అందరి చెయ్యీ అంతే. నిదానం మీద కుదురుతుంది.”

“ఈ కణాలు ఒక రోగి ఇచ్చిన రక్తంలోవి మేడమ్. ఆయన మళ్ళీ ఇవ్వలేడు. మా సారుకు ఏం చెప్పాలో తెలియట్లేదు.” తర్వాత గొంతు తగ్గింది. “సారీ మేడమ్. నా చెయ్యే తప్పేమో.”

“పర్లేదు తల్లీ” అందామె. క్షమించినట్టుగా అంది.

ఫోన్ పెట్టాక ఏదో గుచ్చుకుంది. ఆ అమ్మాయికి వెళ్ళిన సీసా ఏ ట్రేలోదో చూసి, అదే ట్రేలోంచి అమ్మకుండా దాచిన ఇంకో సీసా పరీక్షల గదిలో ఇచ్చింది. అక్కడి మీసాలాయన సాయంత్రానికి నవ్వుతూ వచ్చాడు.

“అక్కా, ఇందులో గాలి తప్ప ఏమీ లేదు. మంచి శుభ్రమైన గాలి.”

ఆమె నవ్వలేదు. ఆ ట్రే నింపింది తనే. ప్రోటీన్ ఎక్కించే ముందు గొట్టాలు కడిగిన నీళ్ళను ఒక ట్రే సీసాల్లో పట్టి, కొలత సరిచూసుకుని పారేస్తారు. నింపిన రోజు ఎవరితోనో కబుర్లలో పడి, దాన్ని పారేయకుండా మంచి ట్రేల పక్కన పెట్టింది. అవీ నీళ్ళలాగే ఉంటాయి, ఇవీ నీళ్ళే.

మేనేజర్ తేలిగ్గా తీసుకున్నాడు. “వాటిలో అమ్ముడైంది ఒక్కటేగా. ఆ అమ్మాయికి కొత్తది ఊరికే పంపండి. ఎందుకని చెప్పక్కర్లేదు, సంతోషిస్తుంది.”

పంపింది. సీసా అందగానే ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

“ఎంత మంచివాళ్ళు మేడమ్ మీరు! కానీ సారు నన్ను కణాల పని నుంచి తీసేశారు. ఈ సీసా ఇంకెవరికైనా ఇస్తాను.”

పక్క బల్ల దగ్గర మేనేజర్ ఉన్నాడు. “సరే తల్లీ” అంది.

ఆ పూట కంచంలో అన్నం కలిపి అలాగే ఉంచేసింది.

“ఉప్పెక్కువైందా? వండింది నువ్వే, నన్ను చూడకు” అన్నాడు భర్త.

జరిగింది చెప్పింది. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

“నేనూ కొలత తప్పు తీసి, నువ్వే లావయ్యావమ్మా అన్నాను ఒకావిడతో. గుర్తుందా?”

“ఉంది. నవ్వుకున్నాం.”

“ఆవిడ తిండి మానేసిందట.”

ఆమె కంచం పక్కకు జరిపి అంది: “నా బాధ సీసా తప్పినందుకు కాదండీ. తప్పు తనదేనని ఆ పిల్ల నోటితో అనిపించాను.”

“చెబితే ఉద్యోగం పోతుందేమో.”

“పోవచ్చు.”

“కాజాలు కుట్టడం నేర్పిస్తాలే. నా దగ్గర తిట్లు ఎక్కువ, జీతం తక్కువ.”

మర్నాడు పొద్దున ఆమె పనికి వెళ్ళలేదు. బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్ళి, సారు గది ఎక్కడని అడిగింది. గదిలో విద్యార్థులు ఆయన చుట్టూ నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి మూల సింకులో గాజు సామాను కడుగుతోంది.

“తర్వాత రండి” అన్నాడాయన.

“వీళ్ళ ముందే చెప్పాలండీ.”

సింకు దగ్గరి అమ్మాయి చేతులు తుడుచుకుని కుర్చీ తెచ్చింది. “కూర్చోండి మేడమ్” అంది. ఆ గొంతే.

ఆమె కూర్చోలేదు. సీసా ఖాళీదేనని, నింపింది తనేనని, ఖాళీ కాదన్నదీ తనేనని నిలబడే చెప్పింది.