మా బావమరిది సకలపద్య యంత్రం

ఛందస్సు చేతిలో ఉన్నవాడికి లోకంలో అసాధ్యమనేది లేదని మనసారా నమ్మిన వయస్సు ఒకటి నాకూ ఉండేది. ఆ వయస్సులోనే పెళ్లి చేసుకొని, మా ఆవిడా ఆమె పుట్టింటివారూ స్థిరపడిన చలిదేశపు వాటర్లూ నగరానికి చేరాను. నా ప్రాచ్యభాషా పట్టాను చూసి ఆ ఊళ్లో ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు (అందులో వారి దోషమేమీ లేదని ఇప్పుడు తోస్తుంది). చివరకు ఒక కిరాణా గిడ్డంగిలో టమోటా డబ్బాలు సర్దే పని దొరికింది. మా మామగారేమో విశ్రాంత ఆచార్యులు. జీవితమంతా ఇంజనీర్లను తీర్చిదిద్దినవారే అయినా, చెవిని మాత్రం పద్యానికి రాసిచ్చేశారు. కనుక అత్తవారింట నా గౌరవమంతా "మా అల్లుడుగారు పద్యం కడతారండీ" అని ఆయన వచ్చినవారందరితో చెప్పే ఆ ఒక్క మాట మీదనే నిలిచి ఉండేది.

ఇంతలో మా మరదలికి పెళ్లి కుదిరింది. వధూవరులను దీవిస్తూ అయిదు పద్యాలు రాసి, అచ్చు వేయించి, పందిట్లో చదివి పంచిపెట్టడం మనవారికి వేడుకే కదా! హాలు ఖాయమైన రోజునే మామగారు అందరి ఎదుటా ప్రకటించారు: "పంచరత్నాలు అల్లుడుగారివి. చదవడం నాది." ఆ సాయంత్రమంతా మా ఆవిడ ఆ పద్యాలేవో తానే రాసేసినంత ఠీవిగా తిరిగింది. నేనూ గంభీరంగా తల పంకించాను. తీరా కాగితం ముందు కూర్చుంటే 'శ్రీ' అన్న అక్షరం పడింది. దాని పక్కన పడవలసినది పడలేదు. రోజులు గడిచినా శ్రీకారం ఒంటరిగానే ఉండిపోయింది. "ఏమండీ, ఎంతవరకు వచ్చింది?" అని మా ఆవిడ అడిగినప్పుడల్లా "మంగళాచరణం అయింది" అని తప్పించుకునేవాణ్ణి. టమోటా డబ్బాల అల్లుడు పద్యాల అల్లుడు కూడా కాడని తేలితే, ఆమె తండ్రి ముందు తలెలా ఎత్తుకుంటుంది?

నా అవస్థను మొదట కనిపెట్టినవాడు మా బావమరిది. అక్కడి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదువుతున్నాడు. తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు.

"బావగారూ, ఈ పోయెమ్స్‌కి రూల్స్ ఉంటాయి కదా?"

"ఎందుకుండవు? తేటగీతి ఉందనుకో. ఇన్ని గణాలు, ఇక్కడ యతి."

"ఎక్సెప్షన్స్ లేవా?"

"శాస్త్రం నాయనా అది! మినహాయింపులు ఉండవు."

"అయితే మీరు కష్టపడి రాయడం ఎందుకు? నేను ప్రోగ్రాం రాస్తా. పాజిబుల్ పద్యాలన్నీ అదే జెనరేట్ చేసేస్తుంది. మీరు రాయబోయేది కూడా అందులోనే ఉంటుంది. జస్ట్ పిక్ చేసుకోవడమే!"

నాకు ఒళ్లు పులకరించింది. పుట్టినవీ, పుట్టవలసినవీ, ఏ మహాకవికీ తట్టనివీ అయిన తేటగీతులన్నీ మా ఇంటి వంటగదిలో అవతరించబోతున్నాయి! లక్షణం విప్పి చెప్పాను, వాడు ఆంగ్ల లిపిలో అక్షరాలు పేర్చుకున్నాడు, ప్రింటర్ కరకరలాడింది. మొదటి పద్యం పైనుంచి కిందిదాకా 'క' అన్న ఒక్క అక్షరమే. (నవ్వకండి. గణాలు సరిపోయాయి, యతీ కుదిరింది. లక్షణ దృష్టితో చూస్తే నిర్దుష్టం.) రెండవ పద్యంలో చిట్టచివరి అక్షరం మాత్రం 'ఖ'. సాయంత్రమైనా ప్రింటర్ చివరి అక్షరాలనే మారుస్తూ పద్యపు తోక దగ్గరే తచ్చాడుతోంది.

"ఒరే, మీ అక్క మునిమనవల పెళ్లికైనా ఇది మొదటి పాదం దాకా వస్తుందంటావా?"

"ఓకే ఓకే. అర్థమున్న వర్డ్స్ మాత్రమే వాడమందాం."

నిఘంటువులోని మాటలు వాడి యంత్రానికి నైవేద్యం పెట్టాను. ఈసారి వధువు దోసకాయవలె ప్రకాశించింది, వరుడు గొడుగులో వర్ధిల్లాడు. యతిభంగం మాత్రం ఒక్కటి లేదు. అంతలో దంపతులు నూరేండ్లు కూడి ఉండాలనే పద్యం ఒకటి నిజంగానే ఊడిపడింది. ఎగిరి గంతేశాను. దాని వెనకనే అదే పద్యం మళ్లీ వచ్చింది. నూరేండ్లున్న చోట మూడేండ్లు!

"మీటర్ సరిపోయింది కదా బావగారూ? ప్రోగ్రాంకి రెండూ సేమే. పోనీ సెర్చ్ పెడతా. మీకు కావలసిన పద్యం టైప్ చేయండి, ఎక్కడుందో అదే చూపిస్తుంది."

"నాకు కావలసిన పద్యమేదో నాకే తెలిస్తే, ఇక వెతకడం ఎందుకురా?"

వాడు తల గోక్కుని, "గుడ్ పాయింట్" అన్నాడు.

కాగితాల గుట్టల నడుమ పొయ్యి కనిపించక మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏమిటండీ ఇదంతా?"

"నీ చెల్లెలి పెళ్లి పద్యాలు. వీటిలోనే ఎక్కడో ఉన్నాయి."

"అసలు మా చెల్లితో మీరేం చెప్పాలనుకుంటున్నారు?"

"ఏముంది! నేను ఇక్కడ దిగిననాడు మీరందరూ పూలగుత్తులతో వస్తే, అదొక్కతే మీ నాన్నగారి కోటు పట్టుకొచ్చింది. పల్చటి చొక్కాలో వణుకుతున్న నన్ను చూసి నవ్వకుండా భుజాల మీద కప్పింది."

"అదే రాయండి."

"అయిదు కావాలి కదా?"

"ఒక్కటి చాలు."

కూర్చున్నాను, ఒక్క ఊపున వచ్చేసింది. పెళ్లినాడు మామగారు కళ్లజోడు సవరించుకొని, రాగయుక్తంగా చదువుతూ మూడో పాదం దగ్గర ఆగారు. "చలికి వణికెడు వానికిన్ నాన్న కోటు." అప్పుడు తట్టింది నాకు. చకారంతో మొదలైన పాదంలో యతిస్థానాన 'నా' పడింది. ఆ రెంటికీ ఏ జన్మలోనూ మైత్రి లేదు! ఆయన అద్దాల మీదుగా నావైపు చూశారు. మా ఆవిడ నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆయన ఆ పాదమే మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి 'నాన్న' దాటి ముందుకు వెళ్లలేకపోయారు. పెళ్లికూతురు లేచి వచ్చి, ఆయన చేతిలోని కాగితం తీసుకొని, తానే మిగిలినది చదివింది.

భోజనాల వరుసలో ఆయన నా పక్కకు చేరారు. "అల్లుడుగారూ, మూడో పాదంలో యతి..."

"చిత్తం, చూసుకోలేదు. 'జనకు కోటు' అంటే కుదురుతుంది. మార్చమంటారా?"

"దాని జోలికి వెళ్లకండి" అన్నారాయన కటువుగా, నా విస్తట్లో మరో బూరె వేయిస్తూ.

వెనక నుంచి బావమరిది భుజం తట్టాడు. "బావగారూ, రూల్ బ్రేక్ చేశారటగా? అయితే మీ పద్యం నా ప్రోగ్రాంలో లేదు. ఎన్నేళ్లు రన్ చేసినా రాదు!"

ఇప్పుడు వాడికీ జుట్టు నెరిసింది. పద్యం కావాలంటే పిల్లలు ఫోనునే అడుగుతున్నారు. అది గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. అయినా మర్యాద కోసం పెళ్లిళ్లకు నన్నూ రాయమంటారు, నేనూ రాస్తాను. చేయి బాగా తిరిగింది. ఇప్పుడు నా యతులన్నీ సరిగ్గానే పడుతున్నాయి. మైకు ముందు ఎవరు నిలబడినా, నా పద్యాన్ని ఎక్కడా ఆగకుండా చదివేస్తున్నారు.