ఆన్‌లైన్ డిగ్రీ, లుంగీ కట్టిన విద్యార్థి

"ఆన్‌లైన్‌లో చదివిన డిగ్రీని మేం లెక్కలోకి తీసుకోమమ్మా" అని పోయినేడు గుడివాడలో ఒక స్కూలువాళ్లు నన్ను వెనక్కి పంపేశారు. ఈ రోజు మధ్యాహ్నం వియత్నాంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి వీడియో ఇంటర్వ్యూ. అక్కడి ప్రిన్సిపాల్ గారూ డిగ్రీ దగ్గరే ఆగారు.

"మీది ఆన్‌లైన్ చదువు కదా, ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి పాఠం చెప్పగలరా?"

 "ఇప్పుడే చెప్తానండీ" అని, రొయ్యల చెరువు నుంచి అప్పుడే వచ్చిన, ఇంగ్లీషు ముక్క రాని మా ఆయన్ని లుంగీతోనే కెమెరా ముందు కూర్చోబెట్టాను. పది నిమిషాలు పాఠం చెప్పేసరికి ఆయన, పొద్దున్నించీ చెరువు దగ్గర ఏం చేశారో మూడు ఇంగ్లీషు వాక్యాల్లో తడబడకుండా చెప్పేశారు. ప్రిన్సిపాల్ గారు చప్పట్లు కొట్టి, "జూన్‌లో వచ్చి చేరండి" అన్నారు.

ఉద్యోగం వచ్చింది నాకు. సాయంత్రానికల్లా మా ఊరు బంటుమిల్లిలో అందరూ మెచ్చుకుంటున్నది మాత్రం మా ఆయన్ని. మీరైనా న్యాయం చెప్పండి!