నూలంత చెక్క

చేతిలో పని తెమలకపోతే బుడే సాహెబుకి కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. కంచం ఒక చేత్తో పట్టుకుని వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకి తిరుగుతూ ముద్దలు మింగుతుంటే, భార్య వలీబీ కూరగిన్నెతో వెంట నడవాల్సి వచ్చేది. జగ్గయ్యపేటలో తుపాకుల మరమ్మతుకి లైసెన్సున్న కొట్టు ఆయనది. కొన్నాళ్ళు అక్కడ ఉండి, విసుగెత్తి నందిగామలో బోర్డు కట్టేవాడు. అక్కడా విసుగెత్తి మళ్ళీ పేటకే వచ్చేవాడు. "కొట్టు మారిస్తే మనసు కుదుటపడుద్దనుకుంటాడు, పిచ్చి మారాజు" అని వలీబీ ఇరుగమ్మతో, పొరుగమ్మతో చెప్పుకునేది.

అలాంటి మనిషికి వీరులపాడు వెంకటరత్నం గారి రైఫిలు తగిలింది. అది అరవై ఒకటో సంవత్సరం. వెంకటరత్నం గారి అన్న మిలిటరీలో చేసి, రిటైరయ్యాక చనిపోయాడు. ఆయన వెనక ఒక పెద్ద రివాల్వరూ, దాని తూటాల పెట్టెలూ మిగిలాయి. పొట్టి తూటా, బొటనవేలంత లావు. వేరుసెనగ చేలో పడే అడవి పందుల్ని రివాల్వరుతో కొట్టడం అయ్యే పని కాదు.

"మా అన్న తూటాలే పేలేట్టు ఒక రైఫిలు చేసిపెట్టు సాయిబూ. బోల్టు లాగి కొట్టే రకం. పర్మిషన్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాడు వెంకటరత్నం.

అన్న మాట ప్రకారం చూసుకున్నాడు కూడా. గొట్టం అరిగిపోయిన పాత బోల్టు రైఫిలొకటి, తూటాకి సరిపడా లావు గొట్టమొకటి బుడే సాహెబు బల్ల మీదకి చేరాయి. ఆ రోజు నుంచి వలీబీకి నడక ఎక్కువైంది.

పొడుగు తూటా కోసం చేసిన రైఫిలది. పొట్టి తూటా దాంట్లో పడి తల వాల్చేసేది. బోల్టు తోస్తే గొట్టంలోకి పోకుండా అడ్డం తిరిగేది. లోపల దిమ్మ పెట్టి చూశాడు, తీసేశాడు. ఖాళీ తూటాని వెనక్కి లాగే ఇనప గోరు ఒకటి ఉంటుంది. దాన్ని ఆకురాయితో రాసి రాసి, పారేసి, మళ్ళీ కొత్తది చేసుకున్నాడు. నమాజులో కూర్చున్నా వేళ్ళు తొడమీద బోల్టు లాగుతూనే ఉండేవి. చివరికి ఒకరోజు తూటా మెత్తగా లోపలికి జారింది. సంతోషించాలి కదా! ఆయనకి గుబులు మొదలైంది.

ఎందుకంటే ఇక మిగిలింది పేల్చడమే. ఆ ఇంట్లో తండ్రి నాటి నుంచీ ఒక ఆచారం. తుపాకీ చేసినవాడే తొలి గుండు తన భుజాన పెట్టి పేల్చాలి. "తాడుకట్టి దూరం నుంచి పేల్చే తుపాకీని కొన్నవాడి చెంపకి ఎట్టా ఆనిస్తావురా?" అనేవాడు తండ్రి. ఆ ఆచారమే ఆయన కుడికన్ను తీసుకుంది. పోయేదాకా కుడిపక్క పెట్టిన చెంబు తన్నుకుంటూనే ఉన్నాడు పెద్దాయన.

"మామకి బువ్వ పెట్టినదాన్ని, నాకు తెలుసు ఆ బాధ" అంది వలీబీ. "రెండు కళ్ళవాడివని చూసి చేసుకున్నా నిన్ను. ఒంటికన్నుతో వస్తే గుమ్మం ఎక్కనియ్యను."

"మా అబ్బ మాట కాదంటే నేను తుపాకుల పనే మానుకోవాలి."

"మానుకో. తాళాలు బాగుచెయ్యి" అని కూరగిన్నె అక్కడే పెట్టేసి లోపలికి పోయింది.

రైఫిలు చెక్కపని చిల్లకల్లు జ్ఞానయ్య చేశాడు. బళ్ళు, తలుపులు చేసే వడ్రంగి. తండ్రి దాచిన ఇరుగుడు కలప పలకని బుడే సాహెబు అతనికే నమ్మి ఇచ్చాడు. ఇనుము వచ్చి చెక్కకి ఆనే చోట కాస్త బిగుతుగా ఉంటే, "ఇక్కడ నూలంత తియ్యి జ్ఞానయ్యా, చాలు" అని చెప్పి పంపాడు. అతను తీసి తెచ్చాడు. అమర్చి చూస్తే ఎక్కడా వంక లేదు. అయినా బుడే సాహెబు ఆ చెక్కని వేలితో కొట్టి చెవి పెట్టేవాడు. విప్పేవాడు, బిగించేవాడు. ఏదో తేడాగా ఉంది. అదేమిటో అంతుచిక్కలేదు. భయమే అట్లా వినిపిస్తోందేమోనని తనని తానే తిట్టుకున్నాడు.

ఊరి బయట పాడుబడ్డ సున్నపురాయి గనిలో పరీక్ష పెట్టుకున్నారు. వెంకటరత్నం వచ్చాడు, తన చెక్కపని చూసుకుందామని జ్ఞానయ్యా వచ్చాడు. పరీక్ష కాబట్టి మందు కాస్త ఎక్కువ దట్టిన తూటా అది. బుడే సాహెబు రైఫిలు భుజానికెత్తాడు. చెంప చెక్కకి ఆనింది. వేలు మాత్రం కదల్లేదు. తండ్రి కాలికి తగిలి దొర్లిపోయే చెంబు చప్పుడు చెవిలో వినిపించింది. రైఫిలు దించేశాడు.

"తాడు తెండి" అన్నాడు.

"అదేంటి సాయిబూ, నీ తుపాకీ మీద నీకే నమ్మకం లేదా?" అని వెంకటరత్నం నవ్వాడు. బుడే సాహెబు ముఖం సిగ్గుతో మాడిపోయింది. రైఫిలుని విరిగిన బండిచక్రానికి కట్టి, చెంప ఉండే చోట గడ్డి కుక్కిన గోతాం పెట్టి, బండరాయి చాటు నుంచి తాడు లాగాడు.

గనంతా దద్దరిల్లింది. వెళ్ళి చూస్తే ఇనుము చెక్కుచెదరలేదు. ఇరుగుడు చెక్క మాత్రం పిడి దగ్గర నిలువునా చీలింది. జానెడు పేడు ఒకటి గోతాంలో దిగబడి ఉంది. కుడికన్ను ఉండాల్సిన చోట.

ఇనుము ఆనే చోట లక్కతో అంటించిన చిన్న చెక్కముక్క ఊడి కిందపడింది. అది ఊడబట్టే ఇనుము వెనక్కి గుద్ది చెక్కని చీల్చింది. బుడే సాహెబు దాన్ని వేళ్ళమధ్య పట్టుకున్నాడు. "ఇదేంటి జ్ఞానయ్యా?"

"తమరు నూలు తియ్యమన్నారు కదండీ, తీశా. తీస్తే వదులైంది. తమరేమంటారోనని అతుకేశా."

"నూలంటే దారప్పోగంత అన్నా!"

"మా పనిలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతండీ" అన్నాడు జ్ఞానయ్య. గోతాం వంక చూసి చతికిలబడ్డాడు.

అతుకు దాచినందుకు కొట్టాలన్నంత కోపం వచ్చింది బుడే సాహెబుకి. వెంటనే తండ్రి గుర్తొచ్చాడు. ఆయన కన్ను పోయినప్పుడు కూడా ఎవరో ఒక మాట చెప్పి ఉంటారు, ఇంకెవరో దాన్ని ఇంకోలా విని ఉంటారు. ఆ తుపాకీని తాడుకట్టి చూసి ఉంటే ఆయన చెంబు ఆయనకి కనపడేది. ఇన్నేళ్ళూ ఆచారమని మోసినదాన్ని తలుచుకుంటే మొదటిసారి ఏడుపొచ్చింది.

మళ్ళీ చెక్క సంపాదించారు. ఈసారి జ్ఞానయ్య కొట్టులోనే కూర్చుని, బుడే సాహెబు కళ్ళముందే చెక్కాడు. ఇద్దరూ నూలనే మాట నోటివెంట రానివ్వలేదు. గనిలో ముందు తాడు కట్టి పేల్చారు. చెక్క నిలబడింది. అప్పుడు బుడే సాహెబు రైఫిలు విప్పి, భుజాన పెట్టుకుని, తనే పేల్చాడు. తండ్రి మాటా నిలబెట్టినట్టయింది.

ఇంటికొచ్చేసరికి వలీబీ గుమ్మంలో నిలబడి ఉంది. పేలిందా అని అడగలేదు. అరచేత్తో ఆయన ఎడమకన్ను మూసి, రెండో చేతి వేళ్ళు చూపించింది.

"ఎన్ని?"

"మూడు."

చెయ్యి మార్చి కుడికన్ను మూసింది. "ఇప్పుడు?"

"వేళ్ళు కాదు, గాజులు కనపడుతున్నయ్" అన్నాడు.

వలీబీ ఆయన గుండెమీద ఒక్కటిచ్చి, అక్కడే తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కంచం తెచ్చి పెట్టింది. ఆయన అలవాటుగా దాన్ని చేత్తో ఎత్తబోయాడు.

"కూర్చో" అంది.

బుడే సాహెబు కూర్చున్నాడు.