అవ్వ అంటే ఎవరు

రిటైరయ్యాక జనం పెద్దగా వెళ్లని చోట్లే వెతుక్కుని తిరుగుతున్నాను. కడప నుంచి అలాగే, గోదావరిలో మంజీర కలిసే కందకుర్తి చూద్దామని వచ్చి బోధన్‌లో బస్సెక్కాను. ఆ రోజు డైరీలో నదుల గురించి ఒక్క ముక్క లేదు. బస్సులో జరిగిందే ఉంది.

పక్క సీటులో ఇరవై దాటిన యువకుడు ఒడిలో గుడ్డ కట్టిన కుండతో కూర్చున్నాడు. అస్థికలని తెలుస్తూనే ఉంది.

"ఎవరు నాయనా?" అన్నాను.

"మా అవ్వ. గంగల కలుపుదామని పోతున్న."

మా కడప వైపు అవ్వంటే నాయనమ్మ, లేదా అమ్మమ్మ. "బాధపడకు. పండు వయసులో పోవడమూ అదృష్టమే. మనవళ్ల ముచ్చట కూడా చూసింది కదా," అని ఓదార్చాను.

అతను వింతగా చూశాడు. "పండు వయసేంది సార్? నలభై రెండేండ్లే. నన్ను కన్న అవ్వ."

ఇక్కడ అవ్వంటే అమ్మ అని అప్పుడు తెలిసింది. సిగ్గుపడి, మా వైపు అర్థం చెప్పి, క్షమించమన్నాను.

"మీకేం ఎరుక, పోనీయుండ్రి."

కుండ మీద చెయ్యి ఆనించాడు. తర్వాత మెల్లగా అన్నాడు:

"నా పెండ్లాం కడుపుతోటి ఉన్నది సార్. ఇంక మూడు నెల్లు ఉంటే మా అవ్వ, మీరన్న అవ్వ అయితుండె."