రెండు డిస్కులకూ బొట్టు

మా వదిన పోయిందని పోయిన మంగళవారం ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది. సంతాప సభలో ఒక పెద్దమనిషి లేచి ఆమె నోట్లో నాలుక లేని మనిషి అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నాలుక ఏం చేసిందో దగ్గరుండి చూసినదాన్ని, చెప్తాను వినండి.

ఎనభైల చివర్లో ఆదోనిలోని ఒక నూలు మిల్లులో ఆమె కంప్యూటరు ఆపరేటరు. అదే గదిలో నేను టైపిస్టును. రోజూ ఇద్దరం ఎమ్మిగనూరు నుంచి బస్సులో పోయేవాళ్లం. ఆ కంప్యూటరు నడిచే యూనిక్స్ మాన్యువల్ ఒళ్లో పెట్టుకుని, ఒక డిస్కులో రాసింది అప్పటికప్పుడే రెండోదాంట్లోనూ పడేలా మిర్రరింగ్ పెట్టడం ఆమె ఆ బస్సులోనే నేర్చుకుంది. రెండో డిస్కు దండగని మేనేజరు సణిగినా వినలేదు. ఎందుకంటే అందులో ఉన్నది నూలు చిలపలు చుట్టే రీలింగు ఆడవాళ్ల హాజరు. పాత హాజరు పుస్తకాలు ఎప్పుడో చెదలు తినేశాయి. ఆ హాజరు చూపిస్తేనే వాళ్లు పర్మినెంటు అవుతారు, లేదంటే ఎన్నేళ్లు చేసినా కూలీలే.

ఒకసారి దసరా ముందు ఒక డిస్కు చెడిపోయింది. మిగిలిన మంచిదాన్ని గుర్తుపట్టడానికి వదిన దానికి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త డిస్కు సరిగ్గా ఆయుధ పూజ రోజే వచ్చింది. ఆరోజు మా మిల్లులో కత్తెర నుంచి లారీ దాకా దేన్నీ వదలరు. అటెండరు భక్తిగా దానికీ బొట్టు పెట్టేశాడు! ఇంజనీరు రెండూ బిగించి, ఒకటో నంబరు పాతది, రెండోది కొత్తది అనేసి బస్సెక్కాడు.

ఇక పాతదాన్ని కొత్తదాని మీదికి కాపీ చేయడమే మిగిలింది. నంబర్లు తారుమారైతే ఖాళీ డిస్కే పాతదాని మీదికి కాపీ అయి హాజరంతా తుడిచిపెట్టేస్తుంది.

"కొట్టమ్మా కమాండు," అన్నాడు మేనేజరు.

"రెండిటికీ బొట్టుండాది సార్. లోపల సూడందే కొట్టను."

"ఇంజనీరు చెప్పినాడు కదా! నీకు ఉద్యోగం ఉండాల్నా, వద్దా?"

"ఆయప్ప సెప్పి పోయినాడు. తప్పైతే ఆడోళ్ల హాజరు యాడ్నుంచి తెచ్చిస్తాడు? తీసేస్తే తీసేయండి సార్, సూసినాకే పోతా."

చూసింది. ఒకటో నంబరు ఖాళీ. వదిన నంబర్లు మార్చి కమాండు కొట్టి, నావైపు తిరిగి, "మనిషిని నమ్ముమే. మనిషి సెప్పిన నంబర్ను మాత్రం సూసుకో," అంది.

అంతటితో ఊరుకోలేదు. ఎవరూ అడక్కుండానే హాజరంతా కాగితం మీద అచ్చు తీసింది. ఎదురు చెప్పినందుకు మరుసటి నెలలోనే ఆమెను గేటు రిజిస్టరుకు మార్చారు. అక్కడ మేనేజరు కారు ఆలస్యంగా వచ్చినా ఆ టైము రాసేది. ఆ అచ్చు కాగితంతోనే ఆడవాళ్లు పర్మినెంటు అయ్యారు.

నాకిప్పటికీ కనబడేది ఆయుధ పూజ నాడు అచ్చు తీసిన ఆ మధ్యాహ్నమే. పూజకు వచ్చిన ఆడవాళ్లు గుమ్మం దాకా పరుచుకున్న కాగితం చుట్టూ కూర్చున్నారు. "నా పేరు యాడుండాదక్కా?" అని చదువురాని ఒకామె అడిగింది. వదిన ఆమె వేలు పట్టుకుని పేరు మీద ఆనించి, వదిలేసింది. ఆమె వేలు తీయలేదు.