అన్నం ముందు మాట

మొన్న మంగళవారం డల్లాస్ పక్కన ప్లేనోలో మా బాబాయి పోయారు. చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో ఒక పెద్దమనిషి ఆయన్ని "బ్రాడ్‌వే నటుడు" అని తెగ పొగిడాడు. నాకు ఒళ్ళు మండింది. బాబాయి బ్రాడ్‌వే స్టేజీ ఎక్కనే లేదు. ఎందుకు ఎక్కలేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఎనభైల మొదట్లో ఆయన పగలు కెమిస్ట్, సాయంత్రాలు డల్లాస్‌లో ఒక చిన్న థియేటర్‌లో నటుడు. నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. డైలాగ్ మర్చిపోతే దాన్ని నములుతూ నిలబడేవారు. చూసేవాళ్ళు అదీ నటనే అనుకునేవాళ్ళు.

ఆ నాటకం ఒక అద్దె ఇంటి కథ. రకరకాల దేశాలవాళ్ళు ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు. అందులో బాబాయిది ఒక ముసలాయన వేషం. అన్నం ముందు తల వంచి, మా ఇళ్ళల్లో చేసుకునే ప్రార్థనే, తెలుగులో, వినపడీ వినపడనట్టు చేసేవారు. ఎవరూ చప్పట్లు కొట్టేవారు కాదు. కొందరు తామూ తల వంచేవారు. నేను డల్లాస్ వెళ్ళి చూసినప్పుడు, "కాస్త గట్టిగా చెప్పొచ్చుగా బాబాయ్" అన్నాను.

"అన్నం ముందు మాట జనానికి కాదమ్మా" అన్నారు.

పత్రికలు మెచ్చుకున్నాయి. న్యూయార్క్ నుంచి ఒక నిర్మాత దిగి, నాటకాన్ని బ్రాడ్‌వేలో పెద్ద థియేటర్‌కి తీసుకెళ్తానన్నాడు. బాబాయి జీవితమంతా ఎదురుచూసిన అవకాశం. ఉద్యోగానికి సెలవు పెట్టి న్యూయార్క్ పక్కనే జెర్సీ సిటీలో ఉన్న మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేశారు. రిహార్సల్‌కి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు.

"మీ మంత్రం బాగుంది, కానీ ఈ హాల్‌కి చాలదు" అన్నాడు నిర్మాత. "విభూతి పెట్టుకుని, గంట వాయిస్తూ ముందుకొచ్చి చెప్పండి."

"అది మంత్రం కాదండీ, ప్రార్థన. మేం క్రిస్టియన్స్."

"టికెట్ కొన్నవాళ్ళకి ఆ సంగతి తెలియదుగా" అని నవ్వాడు. డల్లాస్ నుంచి వచ్చిన దర్శకుడు బాబాయి ఇంట్లో ఎన్నోసార్లు తిన్నవాడే. వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలెట్టాడు.

బాబాయి కాసేపు లవంగం నమిలారు. "విభూతి పెట్టుకునేవాళ్ళకి అది వేషం కాదండీ. నేను పెట్టుకుంటే వేషమైపోతుంది. నావల్ల కాదు" అని కోటు తీసుకున్నారు. గొంతు పెంచకుండా వద్దనడం నేను ఆయన దగ్గరే చూశాను. నాకింకా చేతకాలేదు.

ఆ వారమంతా మనవాళ్ళ ఫోన్లు. "కాస్త అడ్జస్ట్ అవ్వాల్సిందండీ, బ్రాడ్‌వే కదండీ" అని చీవాట్లు. మొన్న పొగిడిన పెద్దమనిషి కూడా వాళ్ళలో ఒకడే. ఆ నిర్మాతంటే ఎంత అసహ్యమో, వాళ్ళన్నా నాకు అంతే.

మొదటి ప్రదర్శనకి బాబాయే టికెట్లు కొని నన్ను తీసుకెళ్ళారు. బాల్కనీలో కూర్చున్నాం. ఆయన వేషంలో మరొకడు, ఒళ్ళంతా విభూతి పూసుకుని, గంట కొడుతూ, మైకులో నోటికొచ్చిన శబ్దాలేవో అరుస్తున్నాడు. అది ఏ భాషా కాదు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నాకు ఉమ్మెయ్యాలనిపించింది. "పోదాం పద బాబాయ్" అని పక్కకి తిరిగాను.

ఆయన తల వంచుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ చప్పట్ల మధ్య, కింద స్టేజీ మీద బల్లపైనున్న అన్నం కోసం, పెదవులు మెల్లగా కదులుతున్నాయి.