మాడుకు నూనె పెట్టే పెద్దచెయ్యి

మా చిన్నప్పుడు... నాయన పుట్టినరోజంటే కేకూ కొవ్వొత్తులూ ఏమీ లేవు. పొద్దున్నే పీట వాల్చి నాయన్ని కూర్చోబెట్టేవాళ్ళు. అమ్మ సత్తుగిన్నెలో ఆముదం పట్టుకుని నిలబడేది. అవ్వ వచ్చి గరికపోచ అందులో ముంచి, నాయన మాడుకు మూడుసార్లు తాకించి "సల్లగుండు నాయనా" అనేది. అంత మీసాలాయన అప్పుడు మాత్రం మా తమ్ముడికన్నా బుద్ధిగా తలవంచేవాడు. మాకు నవ్వాగేది కాదు...

ఒక ఏడాది అవ్వ ఊళ్ళో లేదు. "నువ్వే పెట్టెయ్యిమ్మా" అన్నాను. అమ్మ నా నెత్తిన ఒక్కటిచ్చింది. "మొగునికి నేను పెట్టేదేందే? పెద్దోళ్ళే పెట్టల్ల" అంటూ ఎదురింటి ముసలామెను పిలవడానికి పోయింది. ఆమె వచ్చేదాకా నాయన పీట మీదే ఉన్నాడు, కాఫీ కూడా లేకుండా.

ఆ దెబ్బ కువైట్‌లో గుర్తొస్తుందని అప్పుడు నాకేం తెలుసు...

నేను రుమైథియాలో ఒక ఇంట్లో పని చేస్తాను. మా ఆయనకు అల్ రాయ్‌లో గోడౌన్ పని, రిగ్గైలో తోటివాళ్ళతో రూము. మేం కలిసేది శుక్రవారాలే. నాకంటే ఆరేళ్ళు పెద్ద కాబట్టి, నా పుట్టినరోజుకు తనే నూనె పెట్టేవాడు. తన పుట్టినరోజుకు నేను బిర్యానీ పొట్లం పట్టుకెళ్ళి ఊరుకునేదాన్ని. ఏడేళ్ళు అలాగే గడిచిపోయాయి.

ఈసారి ఊరుకోలేకపోయాను. ఆయనకు ఇఖామా, అంటే ఇక్కడుండే పర్మిట్, రెన్యువల్‌కు మెడికల్ చేస్తే ఊపిరితిత్తుల్లో మచ్చ ఉందన్నారు. అన్‌ఫిట్... ఆయన్ని పనికి తెచ్చుకున్న కఫీల్ ఖలాస్, ఇంక అయిపోయింది అని టికెట్ చేతిలో పెట్టాడు. శుక్రవారం పుట్టినరోజు, శనివారం ఫ్లైట్. ఆ మచ్చ దేనిదో ఊళ్ళో డాక్టర్లు చూసి చెప్పాలి. భయంతో నాకు అన్నం దిగలేదు. ఒక పెద్దచెయ్యి తలమీద పడకుండా ఆయన్ని పంపకూడదని మనసులో పట్టుకుంది.

మా ఇంటావిడ, మామా అంటాం మేము, రెండు గంటలే ఇచ్చింది. వాళ్ళ పచ్చికలోంచి ఒక పోచ తెంపుకుని, ఆముదం సీసా సంచిలో వేసుకుని బస్సెక్కాను.

మా ఆయన ఉండే బిల్డింగుకు కాపలా ఒక పెద్దాయన, జగిత్యాల వైపు మనిషి. ఆయన్నే అడిగాను.

"నేనెవ్వన్ని బిడ్డా? మీ సుట్టాన్ని గాదు, మీ కులపోన్ని గాదు" అన్నాడు.

"వయసులో పెద్దోనివి గదా పెద్దనాయనా... నాకంతే సాలు" అన్నాను.

మా ఆయనకేమో సిగ్గు. "యాడన్నా రోడ్డుమింద నూనె పెట్టుకుంటారా మే? నలుగురూ సూస్తాండారు" అని గొణిగాడు. చూస్తే చూడనీ అని మెట్టుమీదే కూర్చోబెట్టాను. పెద్దాయన కుళాయి దగ్గర చేతులు కడుక్కొచ్చి, పోచ ముంచి మూడుసార్లు తాకించాడు. "సల్లగుండు బిడ్డా... అంత మంచిగైతది" అన్నాడు. మెడికల్ రోజున కూడా ఏడవని మనిషి, తలవంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను సీసా పట్టుకుని అచ్చం మా అమ్మలాగే నిలబడి ఉన్నాను. ఇంతలో త్వరగా రమ్మని మామా ఫోన్... "యల్లా, యల్లా!"

ఆ నూనె తలతోనే ఫ్లైట్ ఎక్కాడు. ఊళ్ళో పరీక్షలు చేశారు, రిపోర్టు ఇంకా రాలేదు. రోజూ ఫోన్‌లో "బాగుండాన్లే" అంటాడు... దగ్గుతూనే.

వచ్చే నెల నా పుట్టినరోజు. చిన్నప్పుడు నూనె పెట్టేవాళ్ళు ఇంటినిండా ఉంటే, జిడ్డని గోడ దూకి పారిపోయేదాన్ని. ఇప్పుడు పారిపోను... పెట్టే ఆ ఒక్క చెయ్యీ ఊరెళ్ళిపోయింది.

మీ మాడుకు చివరిసారి నూనె పెట్టిందెవరు? కింద రాయండి. వాళ్ళు మీ దగ్గరే ఉంటే మాత్రం, ముందు వెళ్ళి తలవంచండి... రాయడం తర్వాత.